ఏమంటావ్ కెప్టెన్‌గారు

కెప్టెన్‌గారికి సొంత అభిప్రాయం అనేది లేదు. కొత్తగా చేరిన కో-పైలట్ అమ్మాయి రెండో రోజుకే ఆ సంగతి కనిపెట్టేసింది. ముప్ఫై ఏళ్లుగా విమానాలు నడుపుతున్న మనిషి, కాఫీలో చక్కెర వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఎదుటివాళ్లని అడిగి తేల్చుకునేవాడు. "నువ్వేమంటావ్?" అన్నది ఆయన ఊతపదం. సామాన్లు ఎక్కించేవాళ్లని అడిగేవాడు, నేల తుడిచేవాళ్లని అడిగేవాడు, లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా వదిలేవాడు కాదు. వెనకాల అందరూ ఆయన్ని 'ఏమంటావ్ కెప్టెన్' అనేవాళ్లు.

"ఈయనకి పెళ్లెలా అయిందక్కా?" అని సీనియర్ ఎయిర్‌హోస్టెస్‌ని అడిగిందోసారి.

"చుట్టాలందర్నీ అడిగే ఉంటాడు. ఎవరో జాలిపడి సరేనని ఉంటారు," అంది ఆవిడ.

అమ్మాయికి నవ్వు రాలేదు. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ నెల గడిచేలోగా పేరు మీద ఒక్క మచ్చ పడినా ఇంటిదారే. ఇలాంటి నసమనిషి పక్కన కూర్చోబెట్టారేమిట్రా దేవుడా అని రోజూ పళ్లు నూరుకునేది.

ఒక మధ్యాహ్నం ఆకాశంలో ఉండగా ఎర్రదీపం వెలిగి గంట గణగణ మోగింది. కింద సామాన్ల గదిలో పొగ ఉందని హెచ్చరిక. మంటలార్పే మీట నొక్కారు. దీపం ఆరలేదు. కెప్టెన్‌గారు తీరిగ్గా ఇటు తిరిగాడు.

"నువ్వేమంటావమ్మా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెనక నూట అరవై మంది ప్రాణాలు! ఈయనకి ఇప్పుడు కూడా అభిప్రాయసేకరణే!

"దింపేద్దాం సర్! ఎక్కడ దగ్గరైతే అక్కడ!"

"ఎందుకు?"

"దీపం అబద్ధమో నిజమో కిందికెళ్లి చూడలేం కదా! నిజమైతే ఇంకో గంట ప్రయాణం మనవల్ల కాదు!"

"బాగుంది. కానివ్వు."

పద్దెనిమిది నిమిషాల్లో ఓ చిన్న విమానాశ్రయంలో దిగారు. ఫైరింజన్లు చుట్టుముట్టాయి. ప్రయాణికులందరినీ దించి, సామాన్ల గది తలుపు తెరిచి చూస్తే పొగా లేదు, మంటా లేదు. బుట్టలనిండా తడితడి పూలు. ఆ ఆవిరికే హెచ్చరిక మోగింది.

కంపెనీ మేనేజరు నుంచి కెప్టెన్‌గారికి ఫోను, మాటలు పక్కనున్న అమ్మాయికీ వినబడుతున్నాయి. "పూలకి భయపడి దిగిపోయారా? దింపమన్నది ఆ కొత్తమ్మాయేగా? మీరు అడిగే ఉంటారు. పేరు చెప్పండి, ఫైల్లో రాయాలి."

అమ్మాయి కెప్టెన్‌గారి వైపు చూసింది.

"దింపింది నేనే," అన్నాడు కెప్టెన్‌గారు. "ఎవరినీ అడగలేదు."

అవతల మేనేజరు పడీపడీ నవ్వాడు. "మీరా? ఎవరినీ అడగలేదా?"

"అదే రాసుకోండి," అని ఫోను పెట్టేశాడు.

"చెప్పింది నేను కదా సర్!" అంది అమ్మాయి.

"నువ్వు నోరు తెరిచేలోపే విమానం తిప్పేశానమ్మా. నన్ను తిట్టుకునే హడావిడిలో చూసుకోలేదు నువ్వు."

"మరి నన్నెందుకు అడిగారు?"

"నేను ముందు చెబితే నువ్వు 'సరే సర్' అనేదానివి. నా తప్పు నాకు ఎవరు చెబుతారు? పైగా రేపు నువ్వూ కెప్టెనవుతావు. గట్టిగా చెప్పడం ఇప్పుడే అలవాటు కావాలిగా."

ఇన్నాళ్లూ ఈయన్ని ఎన్నెన్ని మాటలనుకుందో గుర్తొచ్చి అమ్మాయికి సిగ్గేసింది. ఇంతలో ప్రయాణికుల్లోంచి సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, తన మీటింగు పోయిందంటూ కెప్టెన్‌గారి మీదికి దూసుకొచ్చాడు. అమ్మాయి అడ్డంగా నిలబడింది.

"దింపమన్నది నేను. మళ్లీ ఆ దీపం వెలిగితే మళ్లీ దింపమంటాను. వెళ్లి అందరితోపాటు వరసలో నిలబడండి."

పెద్దమనిషి వెళ్లి వరసలో నిలబడ్డాడు.