గంగమ్మకొకటి

నిన్న మా కోడలు ఎండు రొయ్యలు వేయించింది. ఆ వాసన హాల్లోకి వచ్చేసరికి చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ఇంట్లో అందరూ కిటికీలు తెరవడానికి పరుగెత్తితే, నేను మాత్రం కదలకుండా కూర్చుని గట్టిగా పీల్చాను. "ఏంది నాన్నా, అదేమన్నా సెంటా?" అని మావాడు నవ్వాడు. వాడికేం తెలుసు! నాకు ఆ వాసనలో పులికాట్ సరస్సు ఉంది, తడి వల ఉంది, చొక్కా జేబులో వేరుశనక్కాయలు పోసుకుని తిరిగే మా రాఘవయ్యగారు ఉన్నారు.

అరవైలు మొదలైన కొత్త. శ్రీహరికోటలో రాకెట్ల మాట ఇంకా ఎవరి నోటా లేదు. సూళ్లూరుపేటలో ఒక పెంకుటింట్లో మా చేపల పరిశోధన ఆఫీసు ఉండేది. రాఘవయ్యగారు దానికి అధికారి, నేను టెంపరరీ అసిస్టెంటును. విడవలూరు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ని. లెక్కల్లో డిగ్రీ ఉంది గాని, నీళ్లంటే నాకు కాలువ నీళ్లే తెలుసు. సరస్సులో రొయ్య పిల్లలు ఏపాటి ఉన్నాయో అంచనా కట్టడం మా పని. పడవ మీద పోయి, గుర్తు పెట్టిన ప్రతి చోటా ఒక్కసారి విసురు వల వేయించి, పడ్డవాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. ఏడాది చివర ఆ పుస్తకం ఆయన చేతికివ్వాలి. నా ఉద్యోగం పర్మనెంటు అవుతుందా, ఇంటికి పోయి మడక పట్టాలా అన్నది కూడా అప్పుడే తేలాలి. మా నాయనతో పోట్లాడి వచ్చినవాణ్ని, తిరిగిపోవడమంటే తల తీసేసినట్టే.

మొదటి నెల అంకెలు చూసి నాకు మతిపోయింది. ఒక వలలో రెండు, ఒక వలలో మూడు, ఇంకో వలలో నూట ఎనభై. కాలేజీలో మేం చదివిన ప్రకారం, పిల్లలు దేనికవి విడివిడిగా తిరుగుతుంటే అంకెల చెదురు, అంటే అటూ ఇటూ పోయే తేడా, సగటును మించి పెద్దగా పోకూడదు. ఇక్కడ సగటెక్కడ, చెదురెక్కడ! నేనే తప్పు లెక్కపెట్టానేమోనని ఆ నూట ఎనభైని కొట్టేయబోతే, రాఘవయ్యగారు నా కలం పట్టుకున్నారు.

"ఏమయ్యా, ఆ వలేం పాపం చేసింది?"

"మిగతావాటితో కలవడం లేదు సార్."

"అవేమన్నా వడ్లా, మీ నాయన చల్లినట్టు మడంతా పడేదానికి? ఒకదాని చెంతకు ఒకటి చేరే జాతి. పెళ్లింట్లో మనుషుల్ని లెక్కపెట్టు, వంట కాడ నలభైమంది ఉంటారు, వెనక మూల ఒక్కడూ ఉండడు. అది లెక్క తప్పా?"

సగటుతో పాటు ఆ గుంపు కట్టే గుణానికి కూడా ఒక అంకె ఉంటుందనీ, రెండూ కలిస్తేనే సూత్రం కుదురుతుందనీ ఆ సాయంత్రం ఎంతో ఓపిగ్గా చెప్పారు. చెబుతున్నంతసేపూ వేరుశనక్కాయలు వలుచుకుని తింటూనే ఉన్నారు. నాకు ఒక్కటి పెడితే ఒట్టు.

వల వేసేవాడు పోలయ్య. నాకు తండ్రి వయసువాడు, సరస్సులో ఆయనకు తెలియని లోతు లేదు. మొదటి రోజే వల ఉత్తగా లేస్తే నేను పెన్సిలు తీశాను.

"రాయబాకు నాయనా," అన్నాడు. "ఉత్త వల గంగమ్మది. మా తాతల కాణ్ణించీ దాన్ని లెక్కలోకి ఎత్తం. ఎత్తితే ఆ తల్లిని తప్పుబట్టినట్టు."

వలను నీళ్లలో జాడించి అదే చోట మళ్లీ విసిరేవాడు. ఏదో ఒకటి పడేదాకా విసిరేవాడు. పెద్దమనిషి, పడవ ఆయనది, నాకు ఈత రాదు. ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఏమీ పడని వల గురించి రాయడానికేముందిలే అని నాకూ అనిపించింది. చదువుకున్న వెధవను!

ఏడాది తిరిగింది. రాఘవయ్యగారు చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు మూడు రోజులు కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున్నే నన్ను పిలిచారు. బల్ల మీద గళ్ల కాగితం పరిచి ఉంది.

"ఒక్క పిల్ల పడ్డ వలలు ఇన్ని. రెండు పడ్డవి ఇంతకంటే తక్కువ. మూడు పడ్డవి ఇంకా తక్కువ. మెట్లు దిగినట్టు చక్కగా దిగుతుండాది. మరి అన్నిటికంటే ఎత్తు ఉండాల్సిన మెట్టు, సున్నా మెట్టు, అది యాడయ్యా?"

గంగమ్మ సంగతి చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఉత్త చోట్లన్నీ వదిలేసి పిల్లలు దొరికిన వలలే రాస్తే, సరస్సు నిండా రొయ్యలే ఉన్నట్టు కనపడుతుంది. పైవాళ్లు ఆ రిపోర్టు కోసమే ఎదురుచూస్తున్నారు. అది బాగుంటే, రిటైరు కావలసిన ఆయనకు ఇంకో ఏడాది పొడిగింపు వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. అలాగే పంపేస్తే పట్టుకునేవాడు ఎవడూ లేడు.

"నా ఉద్యోగం పోయినట్టేనా సార్?" అన్నాను. సిగ్గులేకుండా ముందు నోట్లోంచి వచ్చింది అదే.

"ముందు పోలయ్య కాడికి పోదాం పద," అన్నారు.

ఒడ్డున పోలయ్య చినిగిన వల అల్లుకుంటున్నాడు. ఈ రోజు ఈయన తిట్టే తిట్లకు సరస్సు ఎండిపోతుందనుకున్నాను. రాఘవయ్యగారు ఇసుకలో ఆయన పక్కన చతికిలబడి, వేరుశనక్కాయలు గుప్పెడు తీసి చేతిలో పోశారు. పోలయ్యకు మాత్రమే!

"పోలయ్యా, ఉత్త వల గంగమ్మదే, నేను కాదనను. ఆమెకు ఎన్ని ఇచ్చినామో ఆమెకైనా లెక్క చెప్పొద్దా? ఎవరూ రాయకపోతే, ఏమీ ఇయ్యలేదని అనుకోదూ?"

పోలయ్య పంటితో దారం తెంపాడు. "అదీ నిజమే సామీ. ఇంతకాలం తల్లి వాటా ఎగ్గొట్టినట్టయింది గదా!" అని లెంపలు వేసుకున్నాడు.

పైవాళ్లకు రాఘవయ్యగారు రాసిన ఉత్తరం నేనే టైపు చేశాను. ఈ ఏడాది లెక్క పనికిరాదు, మళ్లీ మొదటినుంచీ లెక్కించాలి, ఎలా రాయాలో అసిస్టెంటుకు నేను సరిగా నేర్పలేదు, తప్పు నాది అని ఉంది అందులో.

"సార్, ఇది అబద్ధం," అన్నాను.

"ఏడాదిలో ఒక్క పూటన్నా నీతో పడవెక్కినానా? లేదు గదా. కొట్టు, కొట్టు."

రెండు కాగితాలు పాడుచేశాను. ఏడ్చాను కూడా, చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేముంది. నా ఉద్యోగం నిలిచింది. ఆయనకు పొడిగింపు రాలేదు. ఆ వేసవిలోనే ట్రంకు పెట్టె ఒంటెద్దు బండి మీద వేసుకుని రైలు స్టేషనుకు వెళ్లిపోయారు. బండి కదిలేముందు జేబులోంచి నాలుగు వేరుశనక్కాయలు తీసి నా చేతిలో పెట్టారు. నేనవి చాలాకాలం తినలేదు.

మరుసటేడు వల ఉత్తగా లేచినప్పుడల్లా పోలయ్య సరస్సంతా వినబడేలా, "రాయి నాయనా, గంగమ్మకొకటి!" అని కేకేసేవాడు. నేను సున్నా చుట్టేవాణ్ని. మెట్లు కుదిరాయి. రిపోర్టు అచ్చుకు పంపేటప్పుడు అట్ట మీద నా పేరుకు పైన ఆయన పేరు పెట్టాను. ఉద్యోగంలో లేనివారి పేరు ఉండకూడదని పైనుంచి కొట్టేశారు. అచ్చయిన కాపీ ఒకటి ఆయనకు పోస్టులో పంపితే కార్డు ముక్క వచ్చింది. "సున్నాలు చూశాను. బాగున్నాయి," అని రాశారు, అంతే.

తరువాత నేనూ అధికారినయ్యాను, రిటైరయ్యాను. నా కింద పనిచేసినవాళ్లను ఏం దొరికిందని ఏనాడూ ముందు అడగలేదు. ఎక్కడెక్కడ ఏమీ దొరకలేదని అడిగేవాణ్ని. ముసలాడి చాదస్తమని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ, నాకేం!

నిన్న రొయ్యల వాసన ఇంట్లోంచి పోకముందే బీరువా తెరిచి ఆ రిపోర్టు తీశాను. లోపల సున్నాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అట్ట మీద మాత్రం నా పేరొక్కటే ఉంది, దాని పైన ఉత్త జాగా. ఉత్తదే గదా అని రాయకుండా వదిలేస్తే మళ్లీ ఆ తప్పే చేసినవాణ్నవుతాను. అందుకే ఇదంతా రాశాను.