మోటారుకి పొద్దుటి పరీక్ష

నా చిన్నప్పుడు గుమ్మలక్ష్మీపురంలో మనుషులు ఎందరున్నా మోటారు మాత్రం ఒక్కటే ఉండేది. అది మా తాతయ్యది. తలుపులూ పైకప్పూ ఉన్న ఆ పెట్టెబండిని రోడ్డు కంట్రాక్టరు ఒకాయన వాడి వాడి, విసిగి, మా కిరాణా కొట్టు ముందు వదిలించుకుపోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, దానికి తొంభై అని నా అంచనా. ఇంజను అందుకుంటే మూడు కొండలవతల సీతంపేటలో కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవని ఊరంతా చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నేనే.

దాన్ని బాగుచేసే మేస్త్రీ కావాలంటే విశాఖపట్నం నుంచి రావాలి. అందుకని మా తాతయ్యే మేస్త్రీ. మైదానంలో ఎడ్లబండి తోలిన చేతులు ఆయనవి, మోటారునీ అలాగే చూసుకునేవాడు. చెక్క ఆకుల చక్రాలు ఎండి కిర్రుమంటే గెడ్డలోకి, అంటే మా ఊరి వాగులోకి, తోలి మధ్యాహ్నమంతా నానబెట్టేవాడు. వారం వారం కందెన పూసేవాడు. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "ఆ ఇనప గేదికి సేసిన సేవ నాకు సేసుంటే ఈపాటికి నానే పాలిచ్చీదాన్ని" అనేది.

బండి కదిలే రోజు పొద్దుటి పరీక్ష నాది. రేడియేటరులో నీళ్లు, ఇంజనులో నూనె, చక్రాల నట్లు, బ్రేకు కడ్డీలు. బండి కింద దూరగలిగేంత సన్నటి ఒళ్లు ఇంట్లో నాకొక్కదానికే ఉండేది. దేన్నయినా చేత్తో తాకి చూడాలి, కంటితో చూస్తే చూసినట్టు కాదు. ఇది మా తాతయ్య చట్టం.

మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లి మూడు నెలలైంది. నా లెక్కలో మూడు యుగాలు. అమ్మ మొహం ఎక్కడ మరిచిపోతానోనని అద్దంలో నా ముక్కు చూసుకునేదాన్ని, అది అమ్మ ముక్కేనని అందరూ అనేవారు. ఆ రోజు చంటి తమ్ముణ్ణి తీసుకుని పార్వతీపురంలో రైలు దిగుతుంది. తెల్లారేసరికి నేను కొత్త పరికిణీ కట్టుకుని వెనక సీట్లో మహారాణిలా కూర్చున్నాను. ఆ పరికిణీతో బండి కింద ఎవరు దూరుతారు?

"ఏటే గుంటా, అన్నీ సూసీసినావా?" అన్నాడు తాతయ్య.

"సూసీసినాను తాతా. బేగి పద."

"నట్లు?"

"రాళ్లలాగున్నాయి."

ఆయన పంచె మడతలోంచి నల్లటి చక్రం నట్టు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టాడు. "మరిదేటి?"

ముందురోజు సాయంత్రం తానే విప్పి దాచాడు. అప్పుడప్పుడు అలా ఏదో ఒకటి వదులు చేసి ఉంచడం ఆయన అలవాటట. నేనేమో అవన్నీ నా తెలివితో కనిపెట్టానని ఇన్నాళ్లూ విర్రవీగాను. ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్లు రేడియేటరులో పోస్తే పార్వతీపురం దాకా సరిపోయేవి.

తాతయ్య తిట్టలేదు. "మీ అమ్మ టేసన్లో కూకుంటాది. కూకోనీ. దిగి మొదట్నుంచి సూడు" అన్నాడు. నా పరికిణీ కోసం అమ్మ పసివాడితో ఎండలో కూర్చోవాలి. తిట్టినా బాగుండేది.

పరికిణీ ఎగగట్టి కిందికి దూరాను. ఈసారి ప్రతిదీ తడిమాను. ఎడమ వెనక చక్రం దగ్గర, బ్రేకు కడ్డీని పట్టి ఉంచే సీల సగం జారి వేలాడుతోంది. దాన్ని కట్టి ఉంచే తీగ తెగిపోయింది.

"ఇదీ నువ్వే లాగీసినావు కదా! దొరికిపోనావు తాతా!" అని కిందనుంచే అరిచాను.

ఏనుగంత మా తాతయ్య నేల మీద పాక్కుంటూ, పట్టని చోట ఒళ్లు ఇరికించుకుని నా పక్కకి వచ్చాడు. సీల మీద వేలు పెట్టి కదిపి చూశాడు.

"ఇది నాను తియ్యనేదే గుంటా. నిన్ను పట్టుకుందావన్న సరదాలో కడ్డీయేపు సూడనేదు. తప్పు నాది."

దారిలో గెడ్డ దాటాలి, దానికి రెండు వైపులా నిలువు వాలే. తిరుగు ప్రయాణంలో బండిలో అమ్మ ఉంటుంది, ఆమె ఒళ్లో పసివాడుంటాడు. ఆ సంగతి ఇద్దరికీ తట్టింది. చక్రం నట్టు బిగించి, సీల దిగ్గొట్టి, కొత్త తీగ మూడు చుట్లు చుట్టి బయలుదేరాం.

అమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఇంత ఆలస్యమేమిటని నెమ్మదిగా అడిగింది. నా అబద్ధం బయటపడుతుందని తాతయ్య వెనక్కి జరిగాను. "బ్రేకు సీల నాను సూడనేదమ్మా. నీ కూతురు సూసింది" అన్నాడు తాతయ్య, ప్లాట్‌ఫారం మీద నలుగురి ముందూ. తన తప్పు తాను చెప్పుకుని, నాది నాకు వదిలేశాడు. గెడ్డ వాలు దిగుతున్నప్పుడు అమ్మ భుజంలో మొహం దాచుకుని నేనే చెప్పేశాను.

ఇప్పుడు నా పిల్లలు నా తప్పులు పట్టుకునే వయసుకి వచ్చారు. దేన్నయినా పదింతలు చేస్తే గాని నా నోట మాట రాదని నాకే తెలుసు. కానీ వాళ్ల ముందు "నేను చూడలేదు, తప్పు నాది" అనాల్సి వచ్చినప్పుడు మాత్రం, ఒక్క అక్షరం పెంచకుండా, తగ్గించకుండా అంటాను.