పత్తి కాటాకు లైనక్స్ ఎక్కించిన రోజు

మొన్న మంగళవారం నాకేం జరిగిందో చెప్తా, టీ చల్లారేలోపల వినండి. ఆదోనిలో ఒక పత్తి మిల్లు గేటు ముందర, ట్రాక్టర్లతో నిలబడిన రైతులంతా కలిసి నన్ను తిట్టినారు. మామూలు తిట్లు కాదు, ఏడు తరాలకు తగిలేటివి! అందరికంటే గొంతు పెద్దగా వినపడింది మా నాయనది. పాపం, తిడతాండేది సొంత కూతుర్నే అని ఆయనకు తెలీదు.

మొదట్నుంచీ చెప్తేగానీ నా గొప్పతనం మీకు అర్థం కాదు.

ఆదోనిలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది గదా. "ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకునేదేందమ్మా" అని నవ్వినోళ్ళే ఇప్పుడు "మేడమ్, మా ల్యాప్‌టాప్ ఆన్ అయితాలేదు" అని నా బల్ల ముందర నిలబడతారు. దాంతో నాకు కొంచెం పొగరు. సరే, కొంచెం కాదులే. షాపు గోడకు పెద్ద చార్టు అంటించినా, "ఏ పనికి ఏ ఓయస్?" అని. ఓయస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్‌ను నడిపించేది. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు చేసేటోళ్ళకు విండోస్, ఎందుకంటే వాళ్ళ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు దాంట్లోనే నడుస్తాయి. వీడియో ఎడిటింగు చేసి, జేబు కూడా బరువుగా ఉండేటోళ్ళకు మ్యాక్. అట్లాటోళ్ళు ఇప్పటికి ఇద్దరొచ్చినారు, ఇద్దరూ రేటు విని మంచినీళ్ళు తాగి పోయినారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు లైనక్స్. ముసలిదైపోయి మూలుగుతాండే కంప్యూటర్లకు కూడా లైనక్సే. ఫ్రీగా వస్తాది, తేలిగ్గా ఉంటాది, వైరస్‌ల గోల తక్కువ.

షాపుకు వచ్చిన ఎవుర్నైనా సరే ఆ చార్టు ముందర నిలబెట్టి పాఠం చెప్పందే వదల్ను. మౌస్ కొనేదానికి వచ్చినోళ్ళకు కూడా!

ఎమ్మిగనూరు రోడ్డులో ఒక పత్తి మిల్లుంది. లోపలికి పోతానే వేబ్రిడ్జి, మేమంతా కాటా అంటాం. ట్రాక్టరు ట్రాలీతో సహా కాటా మీదికి ఎక్కితే, పక్క రూములో ఉండే పెట్టెలో ఎర్ర అంకెలు పడతాయి. ఆ అంకె వైరు గుండా కంప్యూటర్లోకి పోతాది, కంప్యూటర్ చీటీ ప్రింటు కొడతాది. చీటీ చేతికొస్తేనే ట్రాక్టరు లోపలికి. ఆ రూముకు రాజు, మంత్రి అంతా బాషన్నే.

సోమవారం సాయంత్రం బాషన్న ఫోన్ చేసినాడు.

"మేడమ్, కాటా కంప్యూటర్ బిల్కుల్ నిద్రపోతాంది. ఆన్ చేసి, రోడ్డు దాకా పోయి, టీ తాగి, నలుగుర్ని పలకరించి వచ్చినా ఇంకా తెరుచుకోలే."

మంగళవారం పొద్దున ఏడుకంతా స్కూటీ ఏసుకొని పోయినా. చూస్తే పాతకాలం విండోస్. దాన్నిండా బాషన్న పెన్‌డ్రైవ్‌లలో తెచ్చి నింపిన సినిమాలు, వాటెంబడి వచ్చిన వైరస్‌లు.

"బాషన్నా, ఈ కంప్యూటర్ చేసే పనేంది?"

"కాటా చీటీలు కొట్టేది."

"అంతేనా?"

"అంతే. ఇంక, పని లేనప్పుడు సినిమా."

"అంటే ముసలి కంప్యూటర్, ఒక్కటే పని. దీనికి ఏ ఓయస్ పెట్టాల? లైనక్స్!"

ఆయన తల గోక్కున్నాడు. "మేడమ్, ఇది పత్తి సీజను. దీన్నే రవ్వంత తుడిచి ఇస్తే సాలు గదా, ఎట్లనో నడుపుకుంటా."

చూడండి, ఆ పొద్దు ఆ రూములో తెలివైన మాట మాట్లాడింది ఆయనొక్కడే. నేను వింటినా? "బాషన్నా, నేను ఒక పని పట్టుకుంటే సగంలో వదిలేదాన్ని కాదు" అన్నా. "అదే మేడమ్ నా భయం" అన్నాడు.

పాత చీటీల ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకున్నా. అంత తెలివి ఉందిలే నాకు. తర్వాత ఫార్మాట్ కొట్టి, మొత్తం తుడిచేసి, లైనక్స్ ఎక్కించినా. స్విచ్ ఏసి కండ్లు మూసి తెరిచేలోపల స్క్రీను వచ్చేసింది. "వారెవ్వా!" అన్నాడు బాషన్న. నేను కాలు మీద కాలేసుకొని కూర్చున్నా.

ఎనిమిదిన్నరకు మొదటి ట్రాక్టరు కాటా ఎక్కింది. పెట్టెలో ఎర్ర అంకెలు పడినాయి. కంప్యూటర్ మాత్రం అట్లే చూస్తాంది.

"మేడమ్, చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్ యాడుంది?"

చీటీల ఫైళ్ళు దాచినా గానీ, చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్‌ను దాయలే! అది కాటా పెట్టినాయన ఎప్పుడో ఏసిచ్చింది. పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆయనకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. లైనక్స్ తప్పేం లేదప్పా, అడక్కుండా పిలుచుకొచ్చి దాన్ని ఆడ కూర్చోబెట్టింది నేను.

"సాఫ్ట్‌వేర్ సీడీ ఇచ్చింటారు గదా బాషన్నా, యాడ పెట్టినావు?"

"సీడీనా? పోయినేడు రూము సర్దేటప్పుడు ఒకటి కనపడింది. ఎవురో రైతు, ట్రాలీ ఎనక కట్టుకుంటా అంటే ఇచ్చేసినా."

మా దిక్కు ట్రాలీలకు ఎనక లైట్లుండవు. చీకట్లో ఎనక వచ్చే బండ్ల వెలుగుకు మెరవాలని పాత సీడీలు కట్టుకుంటారు. అట్ల పోయింది మా సీడీ!

"ఎవురా రైతు?"

"పొడుగ్గా ఉంటాడు మేడమ్. తలకు తెల్ల తువ్వాల."

"పత్తి తెచ్చేటోళ్ళలో సగం మంది అట్లే ఉంటారు గదా బాషన్నా!"

కిటికీలోంచి చూస్తే ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి నిలబడినాయి. పైన మబ్బు నల్లగా కమ్ముకుంటాంది. "పెట్టెలో అంకె కనపడతాంది గదా, చేత్తో రాసిస్తా" అని బాషన్న బయటికి పోయినాడు. పోయినంత బిరబిరా ఎనక్కొచ్చినాడు. పోయినేడు ఆయన రాసిన ఏడు అంకె, ఒకటి అంకె మాదిరి ఉండి పెద్ద పంచాయితీ అయిందంట. "నీ చేతిరాత చీటీ మాకొద్దు" అని అందరూ ఒకటే మాట.

అప్పుడు మోగింది నా ఫోను. మా నాయన!

మాది గోనెగండ్ల పక్క పల్లె. నాయన ఎప్పుడూ ఎమ్మిగనూరులోనే పత్తి ఇచ్చేస్తాడు, లేకుంటే ఎప్పుడో ఒకసారి ఆదోనికి తెస్తాడు. ఆ ఎప్పుడో ఒకసారి ఈ పొద్దే కావాల్నా?

"పాపా, యాడుండావు?"

"పనిలో ఉన్నా నాయనా."

"నేను ఆదోనికి పత్తి తెచ్చినా. ఈడ మిల్లు కాడ ఎవుడో ఎదవ కాటా కంప్యూటర్ను చెడగొట్టి పెట్టినాడంట. వాని చేతులిరగ! వరసలో అందరికంటే ఎనక ఉండాది మనదే. మబ్బు చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంది. టార్పాలిన్ పట్ట సగం ట్రాలీకే వచ్చింది. మీ అమ్మ నడుములు పోయేటట్టు ఏరిన పత్తి పాపా. తడిస్తే ఎవురూ ముట్టుకోరు. నువ్వొచ్చి దాన్ని బాగుచేస్తావా?"

ట్రాక్టరు వరసలో వదిలి గేటు కాడికి నడిచొచ్చినట్టుండాడు, ఆయన మాట ఫోన్లోంచి ఒకసారి, కిటికీలోంచి ఒకసారి వినపడతాంది! నేను బల్ల కిందికి దూరినా.

"వస్తా నాయనా. ఏ మిల్లు?" అని ఏమీ తెలీనట్టు అడిగినా.

"ఎమ్మిగనూరు రోడ్డుదే. అచ్చం నీ స్కూటీ మాదిరిదే ఈడొకటి నిలబెట్టినారు చూడు."

ఫోన్ పెట్టినాక బల్ల కిందనే కూర్చున్నా. మా అమ్మ చేతులు గుర్తొచ్చినాయి. పత్తికాయ మొనలు గుచ్చుకొని చేతివేళ్ళన్నీ గీతలు పడింటాయి సీజనంతా. ఏడుపొచ్చింది. ఏడిస్తే కాటా నడుస్తాదా? నడవదు. వాన పడేలోపల మా నాయన చేతిలో చీటీ పెట్టాల్సిందే, అది పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను అనుకొని లేచినా.

ఎనక వాకిలి నుంచి బయటపడి, బాషన్న బండి మీద షాపుకు పోయి, పాత విండోస్ పెన్‌డ్రైవ్ తీసుకొని వచ్చినా. ఈసారి ముందర గేటు నుంచే వచ్చినా! "ఇంజనీరమ్మ వచ్చింది, జరగండప్పా" అని అందరూ దారిచ్చినారు. మా నాయన మీసం మీద చెయ్యేసినాడు. "నా కూతురే" అంటాండాడు అందరికీ. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

లోపల విండోస్ ఎక్కుతాంటే, నేను బాషన్నను ఎంటబెట్టుకొని ఆ సీడీ ఏమన్నా దొరుకుతాదేమోనని ఒక్కో ట్రాలీ ఎనక చూసుకుంటా పోయినా. ఒకదానికి అద్దం ముక్క, ఒకదానికి ఎర్ర గుడ్డ, ఒకదానికి సీడీ ఉంది గానీ భక్తి పాటలది. చిట్టచివరి ట్రాలీ కాడికి వచ్చి బాషన్న నిలబడిపోయినాడు.

"మేడమ్, ఇదే! ఆ రైతు కూడా ఈయనే!"

మా నాయన.

ఎనక పలకకు తీగతో కట్టిన సీడీ తళతళా మెరుస్తాంది. పైగా ప్లాస్టిక్ కవర్లో ఉంది! మా నాయన ఏ వస్తువుకూ కవరు తీయనీడు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరు, స్విచ్చు బోర్డుకు కవరు, నా పదో తరగతి సర్టిఫికెట్‌కు రెండు కవర్లు. చిన్నప్పట్నుంచీ ఆ కవర్ల పిచ్చిని ఎన్నిసార్లు ఎక్కిరించినానో నాకే తెలీదు. ఆ పొద్దు ఆ కవరుకు దండం పెట్టినా.

తీగ విప్పుకొని రూములోకి ఉరికినా. సీడీ పెడితే గుర్ గుర్ అని తిరిగి ఆగిపోయింది. చదవలే! బయట ట్రాలీలోంచి మా నాయన పత్తే పిడికెడు తెప్పించి, మెల్లగా తుడిచి మళ్ళా పెట్టినా. "ప్రభువా, ఈ ఒక్కసారికి" అని నేను, "యా అల్లా" అని బాషన్న. ఇద్దరి మొర ఒకేసారి పోయిందేమో, సీడీ తిరిగి తిరిగి తెరుచుకునింది! సాఫ్ట్‌వేర్ ఎక్కింది, వైరు తగిలించినా, పెట్టెలో ఉండే ఎర్ర అంకె స్క్రీను మీద పడింది. ప్రింటర్ గర్రుమని మొదటి చీటీ కొట్టింది. బయట ఈలలు!

ఒక్కొక్క ట్రాక్టరూ కదిలింది. నేను కిటికీలోంచి మబ్బును, వరసను మార్చి మార్చి చూస్తాండా. మా నాయన కాటా ఎక్కేసరికి మొదటి చినుకు కిటికీ రేకు మీద టప్పుమనింది. చీటీ చించి నా చేత్తోనే ఇచ్చినా. ట్రాలీ షెడ్డు కిందికి పోవడం, దబదబా వాన దిగడం ఒకటే అయింది. పత్తి మీద ఒక్క బొట్టు పడలే. అప్పుడు తాగినా నీళ్ళు.

నేనూ బాషన్నా ఆడికి పోయేసరికి, మా నాయన షెడ్డు కింద నిలబడి చీటీ మడిచి, యథాప్రకారం కవర్లో పెట్టుకున్నాడు. "ఇంతకూ ఆ చెడగొట్టిన ఎదవ ఎవుడు పాపా? పేరు సెప్పు, ఒక మాట అడిగి వస్తా."

బాషన్న గట్టిగా దగ్గి, గోడ దిక్కు తిరిగినాడు. పాపం, నా పేరు ఆయన నోట్లోంచి రాలే. దాచేదానికి నాకే మనసొప్పలేదు.

"ఎవుడో కాదు నాయనా. నేనే."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసినాడు. "మరి నేను తిట్టిన తిట్లు?"

"అన్నీ వినపడినాయి. బల్ల కిందనే ఉన్నా."

ఆయన చెయ్యి చాపినాడు. "ఆ సీడీ ఇటీయి."

"నాయనా, అది చాలా ముఖ్యమైంది. షాపులో భద్రంగా పెట్టుకుంటా."

"ఏడాది దినాలు ఎండలో, దుమ్ములో దాన్ని భద్రంగా కాపాడిందెవురు? ఒక్క పొద్దులో కంప్యూటర్ను ఊడ్చిపెట్టిందెవురు? ఇటీయి!"

ఇచ్చేసినా. మళ్ళా కవర్లో పెట్టి, ట్రాలీకి కట్టుకొని పోయినాడు. దానికి ముందే నాలుగు కాపీలు తీసుకున్నాలే, మరీ అంత తెలివి తక్కువదాన్ని కాదు.

షాపుకొచ్చి మొదట చార్టు పట్టుకున్నా. అడుగున ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక లైను చేర్చినా: "పత్తి కాటాకు: ఏది నడుస్తాంటే అదే." మరుసటిరోజు బాషన్న వచ్చి అది చదివి, పెన్ను అడిగి, దాని కింద ఇంకో లైను రాసిపోయినాడు: "సీజన్లో మేడమ్‌ను పిలవొద్దు."

ఆయన చేతిరాత ఎవురికీ అర్థం కాదంటారు గానీ, ఆ ఒక్క లైను మాత్రం ముత్యాల మాదిరి ఉంది.