కుడితి బకెట్ వార్త

గద్వాలలో మా వారపత్రిక ఆఫీసంటే రెండు గదులు, ఒక కంప్యూటరు, ఎప్పుడూ సరిపోని కుర్చీలు. పత్రిక నడిపే పెద్దాయనను ఊళ్లో అందరూ సారు అనేవారు. పల్లెకు బస్సు ఆగిపోయినా, అన్నదమ్ముల మధ్య పొలం గెట్టు తగాదా వచ్చినా జనం ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన దగ్గర విలేకరిగా పనిచేసిన తొమ్మిదేళ్లలో నేను చాలాసార్లు విసుక్కున్నాను, ముఖ్యంగా ఆయన పెట్టిన ఒక నియమం మీద. ఎవరి మీదైనా ఫిర్యాదు వార్త రాస్తే, అచ్చుకు పోకముందే వాళ్ల గడప దగ్గరికి వెళ్లి, రాసింది చదివి వినిపించి, వాళ్ల మాట కూడా రాసుకుని రావాలి.

"ఫోన్ల అడిగితే మొఖం కనపడది బిడ్డా" అనేవారు. వార్తలు నిమిషాల్లో ఫోన్లన్నీ చుట్టేసే రోజుల్లో ఇదేం చాదస్తమని నాకు ఒళ్లు మండేది.

ఒక వారం ఆ నియమాన్ని ఎగ్గొట్టాను. ధరూర్ దాటాక ఒక పల్లె బడిలో వంట చేసే ఆమె రోజూ గుడ్డ కప్పిన బకెట్ ఇంటికి మోసుకుపోతోందని ఆ ఊరివాళ్లు ఇద్దరు చెప్పారు. వెళ్లి, రోడ్డు అవతల నుంచి ఫొటో తీసుకుని, పిల్లల బియ్యం ఇంటికి పోతున్నాయని రాసిచ్చాను. ఆమెకు చదివి వినిపించావా అని సారు అడిగితే, ఆఁ అన్నాను. ఆయన నమ్మారు.

పత్రిక వచ్చిన మూడో రోజు ఆమెను పనిలోంచి తీసేశారు. అప్పుడు బడి హెడ్మాస్టరు మా ఆఫీసుకు వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఆ బకెట్లో ఉండేది కుడితి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, పిల్లలు వదిలేసిన మెతుకులు, అన్నీ ఆమె బర్రె కోసం. ఈగలు ముసరకుండా గుడ్డ కప్పేదట. నేనూ బర్రె ఉన్న ఇంట్లోనే పెరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సారు తిట్టలేదు, తిట్టినా బాగుండేది. బడులను చూసే పై ఆఫీసుకు వెళ్లి, కూర్చుని, ఆమెను మళ్లీ పనిలోకి తీసుకుంటున్నట్టు కాగితం రాయించుకొచ్చారు. తప్పు రాశామని మొదటి పేజీలో, ఆ వార్త వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో వేశారు. అయినా ఆమె పనికి రాలేదు. వీధిలోకి వస్తే పిల్లలు బియ్యం దొంగ అంటున్నారట. ఆ ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర పత్రికను ఒకరు చదివితే పదిమంది వింటారు. తప్పుడు వార్తను అందరూ విన్నారు. సవరణను ఎవరూ చదివి వినిపించలేదు.

ఇది తెలిసిన మర్నాడు పొద్దున, డెబ్బై దాటిన సారు నన్ను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో ఆ ఊరికి వెళ్లారు. హోటల్ ముందు నిలబడి సవరణను గట్టిగా, ఒక్క మాట వదలకుండా చదివారు. తర్వాత ఆమె గడప ముందుకు వెళ్లి మళ్లీ చదివారు. హోటల్లో విన్నవాళ్లంతా మా వెనకే వచ్చి నిలబడ్డారు. అంత మర్యాద తెలిసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె అంతా విని, "గిట్ల రాసిందెవరు సారు?" అంది.

"పేపర్ నాది తల్లీ. తప్పు నాదే. రేపటి సంది పనికి రా" అన్నారాయన.

ఆయన నా కోసం తల వంచుకుని నిలబడితే చూడలేకపోయాను. "నేనే రాసినక్కా" అన్నాను.

ఆమె ముందు సారుకు జవాబు చెప్పింది. "వస్త సారు." తర్వాత నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

"నువ్వు ఫొటో తీసేటప్పుడు నేను చూసిన చెల్లె. ఏమన్న అడుగుతవేమో అని బకెట్ కింద పెట్టి జరసేపు నిలబడితి. నువ్వు అడగకనే పోతివి."