మేం ఆమేన్ చెప్పిన ప్రార్థన

ఈ సాయంత్రం ఈ హిందీ ఊళ్ళో, రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా ఇంట్లో జరిగిన స్త్రీల ప్రార్థన కూటానికి ఒక రీసెర్చ్ అమ్మాయి వచ్చింది. ఒక రాత ఎవరిదో జనం ఎలా పోల్చుకుంటారన్నది ఆమె పరిశోధన. పోయినేడాది చనిపోయిన మా అమ్మ ప్రార్థనలు ఆమె గొంతుతోనే నా ఫోన్లో రికార్డై ఉన్నాయి. వినే ధైర్యం లేక అలాగే ఉంచినవాటిని మొన్న ఆమెకు పంపాను. ఆమె ఒకటి పక్కన పెట్టి, మిగతావాటిని రాతలోకి దించి కంప్యూటర్‌కు చూపించి, అలాంటిదే ఇంకొకటి రాయించింది. ఏది ఎవరిదో చెప్పకుండా రెండూ తనే చదివి వినిపించింది.

మొదటిదాంట్లో వడియాలు ఆరేదాకా వాన ఆపమని వేడుకోలు. అందరం నవ్వేశాం. రెండోది నైట్ డ్యూటీ నర్సుల కోసం. అమ్మ నర్సే. వింటూ వింటూనే కొంగులు తలమీదికి లాక్కున్నాం. చివర్లో అందరం ఆమేన్ అన్నాం.

"అరే, ఇది పక్కా అక్కదే," అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. నేనూ అవునన్నాను.

"కాదు ఆంటీ, ఇది కంప్యూటర్ రాసింది. వడియాలదే ఆవిడది," అంది ఆ అమ్మాయి మెల్లగా.

 పిన్ని నావైపు తిరిగింది. "తో మరి, ఇందాక మనచేత ప్రార్థన చేయించింది ఎవరే?"

పరిశోధనలో ఆ ప్రశ్న లేదట.

అందరూ వెళ్ళాక ఫోన్లో వడియాల ప్రార్థన పెట్టాను. గొంతు అమ్మదే, మనిషి మాత్రం నేనెరగని ఎవరో. పోయినవాళ్ళ గొంతులు దాచుకున్నవాళ్ళు మీలో ఉంటే, మీకూ ఇలాగే ఉందేమో చెప్పండి. నేనైతే ఆమేన్ దాకా వినలేక ఆపేశాను.