బతాలో కొన్న చిలకపచ్చ చీర

ఫోన్లకి ఈమధ్య కొత్త రోగం ఒకటి పట్టుకుంది. మనం అడిగామా పెట్టామా, పొద్దున్నే కాఫీ చుక్క గొంతులో పడకముందే పాత ఫోటో ఒకటి బయటికి లాగి, దాని వెనకాల ఏదో మెత్తటి సంగీతం తగిలించి, గుర్తుందా అంటూ మొహం మీద పెడుతుంది. మన వయసు వాళ్ళకి మరిచిపోయినవి గుర్తుచేస్తే ఏదో పుణ్యం గానీ, గుర్తున్నవాటినే మళ్ళీ తవ్వటం దేనికో నాకు తెలియదు. ఇవాళ అది చూపించిన ఫోటోలో ఎర్రటి ఇసుక దిబ్బ, దాని మీద నలుగురు మగవాళ్ళం, అందులో ఒకడి చేతిలో ఫోను, ఆ ఫోను కేసి వంగి పళ్ళికిలిస్తూ నేను. కింద మా అపార్ట్‌మెంట్ ఆవరణలో ఆడవాళ్ళు సాయంత్రం బతుకమ్మకి పూలు పోగేస్తున్నారు. మా ఆవిడ గునుగు పూలకి రంగులద్దుతూ నన్ను కిందికి రమ్మని రెండుసార్లు కేకేసింది. మోకాళ్ళ నొప్పి అని చెప్పి నేను వెళ్ళలేదు.

రిటైరవ్వటానికి ముందు సంవత్సరం మా కంపెనీ నన్ను రియాద్ పంపింది. పెద్ద పెద్ద భవనాలకి చల్లగాలి తయారుచేసే యంత్రాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రిలో అలాంటి యంత్రాలని బిగించి, నడిపించి, అప్పగించి రావాలి. నాతోపాటు ఒక ఈజిప్టు ఇంజినీరు, ఒక ఫిలిప్పినో ఎలక్ట్రీషియన్ ఉండేవారు. ఈజిప్టాయన భారీ మనిషి, గలగలా మాట్లాడేవాడు, కాఫీలో చెంచాల కొద్దీ పంచదార వేసుకునేవాడు, మాకూ అలాగే కలిపి ఇచ్చేవాడు; షుగరుందయ్యా బాబూ అంటే మనిషికి చేదు దేనికి అని వాదించేవాడు. ఫిలిప్పినో మాటలు తక్కువ, ఫోటోలు ఎక్కువ. మమ్మల్ని తిప్పే డ్రైవరు కడప సాయిబు, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు గానీ నోరు తెరిస్తే నిన్న కడపలో బస్సెక్కినట్టే ఉండేది. ఇక పైపులకి తొడుగు వేసే పనిలో నా చేతి కింద ఉన్నవాడు జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. వాడి అన్న కూడా రియాద్‌లోనే ఇంకో క్యాంపులో ప్లంబరుగా ఉండేవాడు.

శుక్రవారం సెలవు కాబట్టి ఊరు చూడటానికి బయల్దేరేవాళ్ళం. మొదటి శుక్రవారం డ్రైవరు మమ్మల్ని బతా బజారుకి తీసుకెళ్ళాడు. మనవాళ్ళ మెస్సులూ, డబ్బు పంపే కొట్లూ, మనుషుల మీద మనుషులూ, ఏదో మన కోఠిలోకి అరబ్బీ బోర్డులు వచ్చి పడ్డట్టు ఉంది. అక్కడే ఆ అన్నని మొదటిసారి చూశాను, చివరిసారి కూడా అదే. తమ్ముడికంటే పొట్టి, నవ్వు మొహం. భార్యకి బతుకమ్మ పండక్కి చీర కొని, ఊరికి పోయేవాళ్ళెవరితోనో పంపాలట. బంగ్లాదేశీ కొట్లో ఎరుపా, చిలకపచ్చా అని తేల్చుకోలేక అటుది ఇటూ ఇటుది అటూ తిప్పుతూ కూర్చున్నాడు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి నాకు. ఓపిక పోయి, ఆ చిలకపచ్చది కట్టించవయ్యా, లక్షణంగా ఉంది, అన్నాను. నిజం చెప్పొద్దూ, అంత లక్షణంగానూ లేదు, త్వరగా అన్నం తినాలన్న తొందరలో అన్నాను. అతను మాత్రం మహా సంబరపడిపోయి, హైదరాబాదు పెద్దసారు చెప్పిన రంగు అని తమ్ముడికి చెప్పి, మా అందరికీ టీలు తాగించాడు.

తరవాత కొన్నాళ్ళకి తమ్ముడు రెండు రోజులు పనికి రాలేదు. వచ్చాక గడ్డం పెంచటం మొదలుపెట్టాడు, తలకి నూనె మానేశాడు, మేము చికెన్ తెప్పిస్తే పెరుగన్నం తెచ్చుకుని పక్కకి పోయేవాడు. జ్వరమొచ్చి నోరు చచ్చిందేమో అనుకున్నాను. డ్రైవరు ఊరుకునే రకం కాదు కదా, "ఏమప్పా, గడ్డం పెంచుతాండావు, నువ్వు గూడా మా దాంట్లోకి వచ్చేస్తాండావా ఏంది?" అని ఆటపట్టించేవాడు. వాడు ఇంత నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూసి కూడా మాలో ఎవడికీ అనుమానం రాలేదంటే, యంత్రాలతో ఉండి ఉండి మేమూ అలాగే తయారయ్యామనుకోవాలి.

ఆ శుక్రవారం ఎర్ర ఇసుక చూడటానికి వెళ్ళాం. రియాద్ దాటి మక్కా వైపు రోడ్డు కొండ దిగాక, కుంకుమ రాశి పోసినట్టు దిబ్బలు కనిపిస్తాయి. అరబ్బు కుటుంబాలు తివాచీలు పరుచుకుని కూర్చుంటాయి, కుర్రకారు నాలుగు చక్రాల మోటారు బళ్ళు అద్దెకు తీసుకుని దిబ్బల మీద దూకిస్తుంటారు. తమ్ముడు రానంటే వినకుండా, ఎప్పుడూ ముడుచుకుని పడుంటావు పద అని డ్రైవరే చెయ్యి పట్టి బండెక్కించాడు. మధ్యాహ్నమంతా బాగానే గడిచింది. ఎండ తగ్గే వేళకి వాడికి ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. వాడు దిబ్బ అవతలికి పోబోయాడు గానీ, ఫోన్లో బతుకమ్మ పాట వినపడేసరికి నాకే ఉత్సాహం వచ్చి, ఏదీ చూపించు మీ ఊరి పండగ, అంటూ వెంటపడ్డాను. ఈజిప్టాయనా, డ్రైవరూ నా వెనకే. ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజు. ముంగిట్లో ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతున్నారు, మధ్యలో తంగేడు పూలతో పేర్చిన బతుకమ్మలు. తల్లి కాబోలు, ముసలావిడ ఫోను పట్టుకుని, "గడ్డమేందిర బిడ్డా, పండుగ పూట" అంటోంది. ఆవిడ పక్కకి చిలకపచ్చ చీర కట్టుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, తలనిండా పూలతో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చీర చూడగానే పోల్చుకున్నాను. ఆ రంగు నేనే చెప్పానమ్మా, మీ ఆయనదేం లేదందులో, అన్నాను. ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా ఆయన ఎట్లున్నడు సార్? ఏదో దూరం సైటుకు పంపిన్రట, ఫోనే కలుస్తలేదు" అంది.

మనవాళ్ళ మర్యాద మీకు తెలియనిదా? పరాయి దేశంలో ఉన్నవాడి గురించి ఇంట్లోవాళ్ళు అడిగితే, చూసి ఎన్నాళ్ళయినా సరే, నిన్ననే కలిశాం, బ్రహ్మాండంగా ఉన్నాడు అంటాం. ఎదుటివాళ్ళ ప్రాణం కుదుటపడాలని అందరమూ చెప్పేదే అది. నేనూ చెప్పాను. మొన్ననే కలిశానమ్మా, కాస్త ఒళ్ళు కూడా చేశాడు, మీరు నిశ్చింతగా ఆడుకోండి, అన్నాను. సరిగ్గా అప్పుడే ఫిలిప్పినో ఫోటో తీశాడు.

కాల్ అయిపోయాక తమ్ముడు ఉన్నచోటే ఇసకలో కూలబడిపోయాడు. "అన్న లేడు సార్" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. "పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. దవాఖాన్ల ఐసు పెట్టెల ఉన్నడు. పనిల పెట్టుకున్న కఫీలు సంతకం పెట్టక, కాగితాలు కాక ఆన్నే ఉన్నడు. అమ్మకు, వదినెకు చెప్పలే సార్. ఎట్ల జెప్పాలె? శవం ఎప్పుడొస్తదో తెల్వకుండ ఎన్ని దినాలు ఏడుస్తరు వాళ్ళు?"

ఊళ్ళో వాళ్ళ బావ ఒక్కడికే తెలుసట. కావలసిన సంతకాలు ఇంట్లోవాళ్ళకి ఏవో మాటలు చెప్పి ఆయనే పెట్టించాడట. క్యాంపుల్లో ఇది మామూలేనని తరవాత విన్నాను. మనిషి పోతే, పెట్టె విమానం ఎక్కేదాకా ఇంట్లో చెప్పరు. సైటు మారాడంటారు, ఫోను పోయిందంటారు. కానీ ఆ తమ్ముణ్ణి తినేస్తున్నది చావు ఒక్కటే కాదు. ఇంట్లో మైల. పండగ చెయ్యకూడదు, పువ్వు ముట్టకూడదు. ఆ పిల్ల పూలు పెట్టుకుని, కొత్త చీర కట్టి, బతుకమ్మ ఎత్తుకుని ఆడుతోంది. ఆపుదామంటే కారణం చెప్పాలి. "రేపు ఎర్కయితే మా వదినె బతుకుతదా సార్? మొగుడు సచ్చి పెట్టెల ఉంటే సింగారించుకొని ఆడిందని ఊరు అనదా?" అని తల బాదుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్నెందుకు మాట్లాడనిచ్చావురా, ముందే చెప్పి చావొచ్చు కదా అని అరిచాను కూడా. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. డ్రైవరు మాత్రం వాడి పక్కన చతికిలబడి రెండు చెంపలూ వాయించుకుని, "తప్పైపోయిందప్పా, గడ్డం చూసి ఎగతాళి చేసినా, నా నోరు పడిపోనూ" అంటూ ఏడ్చేశాడు. సంగతి చెపితే ఈజిప్టాయన బండి దగ్గరికి పోయి, చిన్న గ్యాసు పొయ్యి మీద కాఫీ కాచి, తలా ఒక గ్లాసూ చేతికిచ్చాడు. నోట పెట్టుకుంటే చేదు విషం, పంచదార లేదు. వాళ్ళ దేశంలో చావింటికి పరామర్శకి వచ్చినవాళ్ళకి అలాగే ఇస్తారట. ఆ అన్న చావుకి పరామర్శంటూ జరిగింది ఆ ఇసకలోనే. బూడిద రంగు కొండల వెనక్కి పొద్దు దిగేదాకా మేమలా కూర్చున్నాం, పక్క దిబ్బ మీద కుర్రాళ్ళు బళ్ళు దూకిస్తూనే ఉన్నారు.

ఆ తరవాత నేనింకే ఊరూ చూడలేదు. పనిలోకి వెళ్ళినా చల్లటి పైపు మీద చెయ్యి వేస్తే మనసు ఎక్కడికో పోయేది. జీవితమంతా చల్లదనం తయారుచేసి బతికాను, అది ఇందుకు కూడా పనికొస్తుందని ఎన్నడూ ఆలోచించలేదు. దసరా వెళ్ళిపోయింది. నా పని ముగిసే సమయానికి ఆ అన్న కాగితాలూ అయ్యాయి. తమ్ముడి ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, మాత్రం రెన్యువల్ కాక ఆగి ఉంది, అది లేనిదే దేశం దాటటానికి ఎగ్జిట్ ఇవ్వరు. నా గది గుమ్మం దగ్గర నిలబడి, "మీరు పొయ్యే విమానంలనే అన్న గూడ వస్తుండు సార్" అన్నాడు. అన్నని ఇంటిదాకా దింపమన్నాడు. ఇంకొక్క మాట కూడా అడిగాడు. పండగ ఎల్లిపోయినంక పోయిండని చెప్పమన్నాడు. ఆ మాట అంటూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

శంషాబాదులో నేను నా సూట్‌కేసు తీసుకుని, కార్గో వైపు నడిచి, వాళ్ళ బావతో అంబులెన్సులో కూర్చుని జగిత్యాల దాటి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంట్లో ఆ పొద్దున్నే చెప్పారట. ఆ ఏడుపులు నేను రాయను, మన వయసుకి అందరం విన్నవే. నన్ను పందిరి కింద కుర్చీలో కూర్చోబెట్టారు. కాసేపటికి ఆ అమ్మాయి ఇద్దరాడవాళ్ళు పట్టుకోగా పెట్టె దగ్గర నుంచి లేచి, నన్ను పోల్చుకుని, నా ముందుకి వచ్చింది. నుదుట బొట్టు ఇంకా ఉంది. చుట్టూ ఊరి ఆడవాళ్ళు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఎంగిలిపూల నాడు మీరు నాతోని మాట్లాడిండ్రు. ఆ రోజు మా ఆయన ఉన్నడా?" అంది.

మెల్లగా అడగలేదు. పందిరంతా వినపడేలా అడిగింది. ఏడుపులు ఆగిపోయాయి. ముసలమ్మలందరూ నా నోటి కేసే చూస్తున్నారు. పెట్టెతో వచ్చిన కాగితాల మీద తేదీ ఉండనే ఉంది, ఎప్పటికో ఎవరో చదవకా పోరు, అదీ నాకు తెలుసు. నేను కూడా గొంతు పెంచాను.

"ఉన్నాడమ్మా. నాతో టీ తాగాడు. చీర కట్టుకున్నావని చెపితే మురిసిపోయాడు. పండగ పోయాకే పోయాడు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. "గంతే సాలు సార్. అందరు ఇన్నరు" అంది. అని వెనక్కి తిరిగి పెట్టె దగ్గరికి పోయి కూర్చుంది.

మనం చిన్నప్పుడు రంగూన్లోనో, బొగ్గుగనిలోనో మనిషి పోతే ఉత్తరం చేరటానికి నెలలు పట్టేది. ఆ నెలలన్నీ ఇంట్లో ఆడది బొట్టు పెట్టుకునేది, పండగలు చేసుకునేది, ఎవరూ ఏమీ అనేవారు కారు. అబద్ధం దూరమే చెప్పేది, మనిషికి ఆ పాపం ఉండేది కాదు. ఇప్పుడు దూరం పోయింది. మొహాలు ఎదురుగానే ఉన్నాయి, నవ్వులు కనిపిస్తాయి, చీర రంగు కూడా కనిపిస్తుంది. అబద్ధం మాత్రం అప్పటంత కావలసే వచ్చింది, కాకపోతే దాన్ని ఇప్పుడు మనమే కళ్ళలోకి చూస్తూ చెప్పాలి. తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఏటా ఈ రోజుల్లో ఫోన్ చేసి, వదినె ఏమన్న అడిగిందా సార్ అంటాడు. ఏమీ అడగలేదురా అంటాను.

కింద పాట మొదలైంది. మా ఆవిడ మూడోసారి పిలిచింది. ఫోను ఆ ఫోటోని అందరికీ పంపమంటావా అని అడుగుతోంది. దాన్ని బోర్లా పెట్టి, కిటికీ తలుపు వేసేసి వచ్చి కూర్చున్నాను.