పామాయిల్ తోటలో టేకు గోల్‌పోస్టులు

మా ముత్తాత దేశ్‌ముఖ్. సత్తుపల్లి అవతలి నుంచి అడవి అంచు దాకా ఉన్న ఊళ్ల శిస్తు ఆయన గుమ్మం ముందే జమయ్యేది. మా తాత నాటికి ఆ అధికారం పోయింది కానీ దొర అనే పిలుపు పోలేదు. మా వంశంలో ఎన్నికల్లో ఓడిపోయిన మొదటి మనిషి మా నాన్న. నేను ఏ పదవికీ నిలబడలేదు కాబట్టి ఓడిపోలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న అశ్వారావుపేట బస్సులో నా పక్క సీటు పెద్దమనిషి కిటికీలోంచి పామాయిల్ తోట వైపు చూపించి, ఆ చెట్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ ద్వారబంధం ఏమిటండీ అని అడిగాడు. కూలిపోయిన ఇల్లేదో ఉండేదనీ, గోడలు పోయి గుమ్మం మిగిలిందనీ ఆయన అనుకున్నాడు. అది ద్వారబంధం కాదు, ఫుట్‌బాల్ గోల్‌పోస్టు అని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ కర్రలు మా తాత నాటించినవి. ఇంటి మిద్దెకని తెప్పించిన టేకు దూలాల్లో మంచివి ఏరి గోల్‌పోస్టులు చేయించి, మిగిలినవి మిద్దెకు వాడాడట. ఆ మిద్దె ఇప్పుడు లేదు కాబట్టి ఆయన ఏరింది సరిగ్గానే ఏరాడనాలి. ఆయన జట్టును ఈ చుట్టుపక్కల మోదుగుపూల జట్టు అనేవాళ్లు. ఎండాకాలం ముందు అడవి ఎర్రబడే రోజుల్లో గూడెం ఆడవాళ్లు బుట్టలకెత్తి తెచ్చిన మోదుగుపూలను రాగి గుండిగలో ఉడికించి, ఆ నీళ్లలో చొక్కాలు ముంచేవాళ్లు. మొదటి ఆటకు నిప్పు రంగులో ఉన్న చొక్కా చివరి ఆటకు పసుపు కలిపిన మజ్జిగ రంగుకు దిగేది. దూరపు జట్లు బోనకల్ స్టేషన్లో దిగితే మా ఎడ్లబండ్లు వెళ్లేవి. ఒకసారి దారిలో బండి ఇరుసు విరిగి వచ్చే జట్టు ఆటవేళకు అందలేదు. గెలిచినట్టు రాసుకోమని అందరూ చెప్పినా మా తాత ఒప్పుకోలేదు. రాత్రికి చేరినవాళ్లకు భోజనాలు పెట్టించి, నిద్రపోనిచ్చి, పొద్దున ఆడి ఓడిపోయాడు. మన దారిలో ఆగిపోయినవాణ్ణి మనం గెలిచినట్టు కాదన్నది ఆయన మాట. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఈ కథ వచ్చేది.

నాన్న హయాంలో జట్టు చెదిరిపోయింది. గ్రౌండులో మొదట పశువులు మేశాయి, తర్వాత మిరపకాయలు ఎండాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక సాయంత్రం మిషన్ స్కూల్ పీటీ మాస్టారు మా అరుగు మీదికి వచ్చాడు. ఆదివారం చర్చిలో పాట, మిగతా రోజుల్లో విజిల్, రెండూ ఒకే గొంతుతో వినిపించే మనిషి. జిల్లాలో మూడో డివిజన్ లీగు మొదలవుతోందనీ, పాత పేరుతో, పాత రంగుతో జట్టు కడదామనీ అన్నాడు. మోదుగుపూల జట్టు మూడో డివిజనా అని అడిగాను. నాలుగోది లేదు సార్ అన్నాడు ఆయన, ఎంతో వినయంగా.

జట్టు కట్టాం. గూడెం యువకులు సగం, మిషన్ కాంపౌండు వాళ్లు సగం. మా తాత జట్టులో చివరి గోల్‌కీపర్‌గా ఆడిన గూడెం ముసలాయన ఇంకా బతికే ఉన్నాడు. ఆయన్ను గోలీ తాత అనేవాళ్లం. రోజూ వచ్చి గోల్‌పోస్టుకు వీపు ఆనించి కూర్చుని అందరినీ తిట్టేవాడు. ఆయన తిట్టని రోజు ఆటగాళ్లు బెంగపెట్టుకునేవాళ్లు. నేను ప్రెసిడెంటును. గంజి పెట్టిన పంచె, లాల్చీతో గీత పక్కన కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చునేవాణ్ణి. కుర్చీకి వీపు ఆనించడం మా ఇంట్లో అలవాటు లేదు.

గ్రౌండు మాత్రం నా ఒక్కడిది కాదు. పంపకాల్లో మిగిలిన ఉమ్మడి చెక్క అదొక్కటే. అందులో సగం ఖమ్మంలో ఉండే మా చిన్నాన్నది. పక్క పామాయిల్ తోట ఆయన దానికోసం తిరుగుతున్నాడు. చిన్నాన్న చెడ్డవాడు కాడు, ఆయనకు ఫుట్‌బాల్ అంటే విసుగు, అంతే. చివరికి ఒక మాట ఇచ్చాడు. "ఒరేయ్, ఈ ఏడు నీ జట్టు రెండో డివిజన్‌కి ఎక్కితే నేను బతికున్నంత కాలం ఆ నేల జోలికి రాను. ఎక్కకపోతే నువ్వు మారుమాట్లాడకుండా సంతకం పెట్టాలి." నేను సరే అన్నాను. మా ఇంట్లో మాటకు కాగితం ఉండదు.

ఆ ఏడాది జట్టు బాగా ఆడింది. ఎండాకాలం చివరికి ఒకే ఒక్క ఆట మిగిలింది, అదీ మా గ్రౌండులోనే. గనుల వైపు నుంచి వచ్చే జట్టు మీద గెలిస్తే పైకి వెళతాం, లేకపోతే లేదు. తేదీ ఖాయం చేసేటప్పుడు నేనూ, పీటీ మాస్టారూ గోడ మీది క్యాలెండరు చూశాం. గూడెం వాళ్ల భూమి పండుగ క్యాలెండరులో ఉండదు. వాళ్ల పెద్ద ఎప్పుడంటే అప్పుడు. మేము ఖాయం చేసిన రోజు సరిగ్గా పండుగలో పడింది. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకు పోవాలి, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వాసం కట్టి వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడగాలి, ఇవ్వనివాళ్ల చేత తమతో అడుగులు వేయించాలి. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్లను వాళ్లు ఊళ్లోకి ఊరికే రానివ్వరు, పేడనీళ్లు గుమ్మరిస్తారు. వేట మానేసి బంతి ఆడటమేమిటని గూడెంలో పెద్ద పంచాయితీ నడిచింది. గోలీ తాతే మధ్యలో పడి ఒప్పించాడు. వచ్చి నాతో చెప్పాడు: "చిన్నదొరా, ఈసారి ఆటనే మావోళ్ల వేట. పెద్దమనుషులు ఒప్పుకున్నరు. గెలిస్తే వేట పడ్డట్టు."

ఆటరోజు వేళయింది. మా వాళ్లు నిప్పు రంగు చొక్కాల్లో దిగారు. చివరి ఆటకని పీటీ మాస్టారు మళ్లీ రంగు వేయించాడు. ఖమ్మం నుంచి వచ్చిన రిఫరీ గడియారం చూస్తున్నాడు. అవతలి జట్టు రాలేదు. అంతలో మోటారు సైకిలు మీద వచ్చిన ఒకతను, వాళ్ల వ్యాను గూడెం దగ్గర వాసం కాడ ఆగి ఉందని చెప్పాడు. రిఫరీ నన్ను పక్కకు పిలిచాడు. అరగంట దాటితే రూలు ప్రకారం మేం గెలిచినట్టేననీ, ఆతిథ్య జట్టు తరఫున నేను ఒప్పుకుంటేనే ఇంకాసేపు ఆగుతాననీ అన్నాడు. పీటీ మాస్టారు నా మోచేయి పట్టుకున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు. "సార్, మనమేం తప్పు చేయలే. రూలే గట్లుంది. గ్రౌండ్ నిలవడుతది సార్" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నేను గోల్‌పోస్టు వైపు చూశాను. గోలీ తాత ఎప్పటిలా వీపు ఆనించి కూర్చుని, నా వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. ఆగమని రిఫరీకి చెప్పి ఆ మోటారు సైకిలే ఎక్కాను.

వాసం అవతల వ్యాను, ఇవతల ఆడవాళ్లు పాట పాడుతున్నారు. గనుల జట్టు కెప్టెన్ రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామూలు ఇవ్వడు, అడుగులూ వేయడు. నన్ను చూడగానే, "ఏంది సార్ గిది? ఆడి గెలవలేక ఆడోళ్లను పెట్టి ఆపిస్తున్నరా?" అన్నాడు. మా వంశంలో ఎవరూ పడని మాట అది. వాసం పట్టుకున్న పెద్దావిడ దగ్గరికి వెళ్లి, వాళ్లను వదలమన్నాను. ఆవిడ గోలీ తాత చెల్లెలు. మా తాత బగ్గీకి ఈ వాసం అడగకుండానే లేచేదని కూడా అన్నాను. అనాల్సింది కాదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది.

"అవ్, లేపేటోళ్లం. అప్పుడు భయం ఉండె" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. "ఇప్పుడు పండుగే ఉంది దొరా. వాళ్ల బదులు నువ్వు రెండడుగులెయ్యి, వ్యాను పోనిస్తం. నడుం ఇరగదులే."

నేను జీవితంలో ఎప్పుడూ అడుగులు వేసి ఎరగను. వరసలో నిలబెట్టి, నా రెండు చేతులూ చెరో పక్కనా పట్టుకున్నారు. వాళ్లు వంగినప్పుడు నేను నిలబడ్డాను, వాళ్లు నిలబడ్డాక నేను వంగాను. పంచె గంజి ఫెళఫెళమంది. నవ్వులతో పాట రెండుసార్లు తెగిపోయింది. కట్టుకున్న చేతులు ఎప్పుడు విప్పాడో గానీ, వరస చివర గనుల కెప్టెన్ కూడా కలిశాడు. నాకంటే బాగా ఆడాడు. వాసం లేచింది.

ఆట గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మా వాళ్లు ప్రాణం పెట్టి ఆడారు, వాళ్లూ అలాగే ఆడారు. చివర్లో మా వాడు కొట్టిన బంతి పైకర్రకు తగిలి వెనక్కి వచ్చింది. తగిలినప్పుడు ఆ టేకు ఖంగుమని మోగింది. ఎవరికీ గోల్ లేదు. కెప్టెన్ వచ్చి నాతో చెయ్యి కలిపాడు. పీటీ మాస్టారు చాలాసేపు విజిల్ తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయాడు.

గ్రౌండు నుంచి బయటికి వస్తే ఎడమవైపు దారి మా ఇంటికి, కుడివైపుది గూడేనికి. గూడెం మొదట్లో ఆడవాళ్లు బిందెలతో ఎదురుచూస్తున్నారు. మా వాళ్లు తప్పించుకుని చుట్టు తిరిగి పోవచ్చు, పోలేదు. మిషన్ కాంపౌండు వాళ్లు కూడా వరసలోనే నడిచారు, ముందు గోలీ తాత. నేనూ కుడివైపే తిరిగాను. "ఏం తెచ్చిన్రు?" అని పెద్దావిడ అడిగింది. ఓడలేదు, గెలవలేదు అన్నాడు గోలీ తాత. "అయితే ఉత్త చేతులే" అని బిందె ఎత్తింది. ఒకరి తర్వాత ఒకరు తడిశారు. నా దగ్గరికి వచ్చేసరికి బిందె ఆగింది.

"నువ్వెందుకొచ్చినవ్ దొరా? ఇది వేటకు పోయినోళ్లకు."

"నేనూ పోయినోణ్ణే" అన్నాను. మా ఇంట్లో నేను ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆవిడ ఒక్క క్షణం చూసి, మిగిలినదంతా నా నెత్తిన పోసింది. లాల్చీ ఆ మరక వదలలేదు, ఉతికించీ ఉతికించీ చివరికి అలాగే మడిచి పెట్టాను. ఆ సాయంత్రం గూడెంలో నా కోసం మంచం వాల్చారు. దాని మీద ఎలా కూర్చున్నానో గుర్తులేదు కానీ నిటారుగా మాత్రం కాదని పీటీ మాస్టారు ఇప్పటికీ అంటాడు.

వానలు పడ్డాక చిన్నాన్న వచ్చాడు. సంతకం పెట్టాను. ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. మరుసటి ఏడు మిషన్ స్కూల్ గ్రౌండులో ఆడి మా జట్టు రెండో డివిజన్‌కు ఎక్కింది, అదే రంగు చొక్కాలతో. అక్కడి గోల్‌పోస్టులు ఇనప గొట్టాలు. నేను కుర్చీ వేసుకోవడం మానేసి గోలీ తాత పక్కన నేల మీద కూర్చునేవాణ్ణి. మా నేల కొన్నాయన మొక్కలు పెట్టేముందు, ఆ కర్రలు పీకించుకొమ్మని కబురు పెట్టాడు. అవి అమ్మకంలో లేవని జవాబు పంపాను. ఆయన ఏమనుకున్నాడో, వాటిని వదిలేసి చుట్టూ మొక్కలు పెట్టించాడు. గెలలు కోసే కూలీలు ఇప్పుడు వాటికి అన్నం క్యారేజీలు తగిలిస్తారు.

పామాయిల్ చెట్టుకు ఆయుష్షు పాతిక ముప్పై ఏళ్లంటారు, ఆ తోట అందులో సగం ఎప్పుడో దాటేసింది. టేకుకు ఎంత కాలమో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేల అమ్మాం, బావి అమ్మాం, గట్టు మీది తాటిచెట్లు అమ్మాం. గోల్‌పోస్టులు అమ్మలేదు.